షట్టరు కింద సందు: రబ్బరు వేయాలా, ఇనుప పట్టా కొట్టించాలా, గడప కట్టాలా?

షట్టరు కింది అంచు తిన్నగా ఉంటుంది, నేల అలా ఉండదు. వాన నీళ్ళు బయటికి పోవాలని మేస్త్రీ వాటం పెడతాడు. చక్రాలు రోజూ ఒకే దారిలో పోతే అక్కడ బండలు దిగబడతాయి. నల్లరేగడి నేలల్లో కట్టిన గచ్చు వానాకాలం ఉబికి, ఎండాకాలం కుంగుతుంది. దాంతో ఒక మూల షట్టరు నేలకు ఆనుతుంది, ఇంకో మూల రెండు వేళ్ళు దూరేంత సందు మిగులుతుంది. దుకాణం షట్టరుకైనా, గోదాముకైనా, ఇంటి కింద కారు పార్కింగుకైనా వచ్చే చిక్కు ఇదే.

ఎక్కువమంది ముందు హార్డ్‌వేర్ షాపుకెళ్ళి రబ్బరు తెచ్చి కొట్టించేస్తారు. దుమ్ము కోసమైతే అది సరైన పనే. ఎలుకల కోసం రబ్బరు కొట్టిస్తే మాత్రం డబ్బు దండగ. సందు ఎంత అన్న లెక్క కన్నా, ఆ సందులోంచి ఏది లోపలికొస్తోంది అన్నదాన్ని బట్టే ఎంపిక మారుతుంది.

ముందు కొలత

షట్టరును చేత్తో అదమకుండా, దాని బరువుకు అది దిగినంత దించండి. ఒక చివర నుంచి అడుగుకో గీత చొప్పున నేల మీద సుద్దతో గుర్తులు పెట్టి, ప్రతి గుర్తు దగ్గర సందు ఎంతో కొలవండి. పదడుగుల షట్టరుకు పదకొండు కొలతలు వస్తాయి. స్కేలు దూరని చోట 3, 6, 10, 12 మి.మీ. మందం ఉన్న ప్లైవుడ్ ముక్కలు గానీ టైలు ముక్కలు గానీ దూర్చి చూస్తే సరిపోతుంది. చీకటి పడ్డాక లోపల నేల మీద టార్చి పెట్టి బయట నుంచి చూస్తే, కొలతకు అందని సన్నటి సందులు కూడా బయటపడతాయి.

ఆ అంకెలు చూస్తే సందు ఆకారం తెలుస్తుంది. ఒక చివర నుంచి ఇంకో చివరకు క్రమంగా పెరుగుతూ పోతే నేల ఒకవైపు వాలింది, లేదా షట్టరు ఒరిగింది. మధ్యలోనే సందు ఉంటే నేల అక్కడ కుంగింది. మధ్యలో ఆని రెండు చివరలా సందుంటే నేలకు మధ్యలో గూను ఉంది. ఈ మూడో రకంలో చాలామంది రెండు చివరలూ పూడ్చుకుంటూ కూర్చుంటారు. మధ్యలోని గూను అరగదీస్తే సగం పని అయిపోతుంది.

షట్టరే ఒరిగిందేమో చూడండి

రసమట్టం (స్పిరిట్ లెవెల్) తీసుకుని షట్టరు కింది యాంగ్లర్ (అడుగు అంచున ఉండే L ఆకారపు ఇనుప బద్ద) మీద పెట్టండి, తర్వాత అదే చోట నేల మీద పెట్టండి. కింది యాంగ్లర్ మట్టంగా ఉండి నేల వాలుగా ఉంటే తప్పు నేలది. యాంగ్లరే వాలుగా ఉంటే సిమెంటు, రబ్బరు జోలికి ఇంకా పోవద్దు. షట్టరు పట్టీలు (అడ్డంగా ఒకదానికొకటి తగిలించిన రేకు బద్దలు) ఒక పక్కకు జరిగి ఉండవచ్చు, షట్టరు జారే పక్క ఛానెల్‌లో మట్టి గడ్డకట్టి ఒకవైపు కిందికి దిగనివ్వకపోవచ్చు, బండి తగిలి యాంగ్లర్ వంగి ఉండవచ్చు. ఛానెళ్ళను వైరు బ్రష్‌తో అడుగు దాకా గీకి శుభ్రం చేసి మళ్ళీ దించి చూడండి. ఈ పనికి ఖర్చేమీ లేదు. ఒక చివర నుంచి ఇంకో చివరకు దారం లాగి పడితే యాంగ్లర్ వంపు కనబడుతుంది. వంపు సరిచేయించకుండా కింద గడప కడితే, గడప కూడా ఆ వంకరకే కట్టాల్సి వస్తుంది.

పైన షట్టరు చుట్టుకునే డ్రమ్ములో ఉన్న స్ప్రింగును మాత్రం ఎవరూ సొంతంగా విప్పకూడదు. అది బిగువు మీద ఉంటుంది, జారితే చేతి వేళ్ళు పోతాయి. ఆ పని షట్టరు మెకానిక్‌దే.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

లోపలికి వచ్చేది ఏది అన్నదే మొదటి లెక్క. దుమ్ము, చెత్త, బొద్దింకలైతే మెత్తటి పట్టీ చాలు. వాన నీళ్ళయితే నేల మీద ఎత్తు కావాలి. ఎలుకలకు గట్టి లోహమో, సిమెంటో కావాలి. చిట్టెలుకకు 6 మి.మీ. సందు చాలు, పెద్ద ఎలుకకు 12 మి.మీ. ఉంటే దూరిపోతుంది. ఎలుక పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి అది కొరుకుతూనే ఉంటుంది, రబ్బరు దానికి అడ్డమే కాదు. ఎలుక దూరిన దారిలోనే దాని వెంట పామూ వస్తుంది.

తర్వాత చూడాల్సింది నేల కదులుతోందా లేదా అన్నది. నల్లరేగడిలో ఏటా కదిలే గచ్చు మీద గట్టి గడప కడితే బీటలు వారుతుంది. అక్కడ షట్టరుకు తగిలించే పద్ధతులే మేలు. దాని మీదుగా ఏ బండ్లు పోతాయి, ఇల్లు మీదా అద్దెదా అన్నవి కూడా లెక్కే. ఇక చాలామంది మరచిపోయేది తాళం. గడప 20 మి.మీ. లేస్తే షట్టరు కూడా 20 మి.మీ. పైనే ఆగుతుంది. అప్పుడు పక్క ఛానెల్‌కు వెల్డు చేసిన తాళం కొక్కేనికీ, షట్టరు కొక్కేనికీ రంధ్రాలు కలవవు. మధ్య తాళం ఉంటే దాని రాడ్లు ఛానెల్‌లోని గాడిలోకి దిగవు. గడప కట్టే రోజే వెల్డర్‌ను కూడా పిలిపించుకోవాలి, లేకపోతే ఆ రాత్రి షట్టరుకు తాళం పడదు.

| మార్గం | ఎంత సందుకు | నీళ్ళు | ఎలుకలు | బండ్ల రాకపోకలు | తీసేయాలంటే |
|---|---|---|---|---|---|
| వేలాడే రబ్బరు పట్టీ | 25 మి.మీ. దాకా | చినుకులు, తడి వరకే | ఆగవు | ఇబ్బంది లేదు | సులువు |
| బ్రష్ పట్టీ | 15 మి.మీ. దాకా | ఆగవు | ఆగవు | ఇబ్బంది లేదు | సులువు |
| కోసిన ఇనుప పట్టా | 50 మి.మీ. దాకా | ఆగవు | బాగా ఆగుతాయి | ఇబ్బంది లేదు | బోల్టులైతే సులువు |
| అంటించే రబ్బరు గడప | 20 మి.మీ. దాకా | కొంత | ఎక్కువ రోజులు కాదు | తేలిక బండ్లకే | జిగురు మరక మిగులుతుంది |
| సిమెంటు గడప | 10 నుంచి 40 మి.మీ. | బాగా ఆగుతాయి | బాగా ఆగుతాయి | వాలు సరిగా ఇస్తేనే | పగలగొట్టాలి |
| గూను అరగదీయడం | 5, 6 మి.మీ. ఎత్తు | సందు మూసుకున్నంత | సందు మూసుకున్నంత | ఇబ్బంది లేదు | అవసరం రాదు |

రబ్బరు పట్టీ

100 మి.మీ. వెడల్పు, 5 లేదా 6 మి.మీ. మందం ఉన్న పట్టీ తీసుకోండి. పొడవు రెండు ఛానెళ్ళ మధ్య కొలత కన్నా 5 మి.మీ. తక్కువ ఉండాలి. ఛానెల్‌లోకి దూరిన రబ్బరు షట్టరు లేపేటప్పుడు మడతపడి ఇరుక్కుంటుంది. కింది యాంగ్లర్ లోపలి ముఖానికి రబ్బరు ఆనించి, దాని మీద 25×3 మి.మీ. ఇనుప పట్టా పెట్టి, రెండింటినీ కలిపి 6 మి.మీ. బోల్టులతో బిగించాలి. బోల్టు తలలు బయటికి, నట్లు లోపలికి ఉండాలి. 200 నుంచి 250 మి.మీ.కో బోల్టు చొప్పున పదడుగులకు 13 నుంచి 16 బోల్టులు పడతాయి. ఇనుప పట్టా లేకుండా ఉత్త స్క్రూలు కొడితే రబ్బరు స్క్రూ దగ్గర చిరిగి ఊడుతుంది. ఎక్కువగా పాడయ్యేది ఇలాగే.

నేల ఎగుడుదిగుడుకు రబ్బరు దానంతటదే సర్దుకుంటుందనుకోవద్దు. ముందు తిన్నగా బిగించి, షట్టరు దించి, నేలకు 10 మి.మీ. ఎక్కువ ఉండేలా రబ్బరు మీద నేల వంపును గీసి, ఆ గీత వెంట కత్తితో కోయాలి. అంతకన్నా ఎక్కువ వదిలితే అది లోపలికి మడిచిపోయి షట్టరును పూర్తిగా దిగనివ్వదు. తక్కువైతే గాలికి ఎగిరి దుమ్ము లోపలికే కొడుతుంది.

ఏ రబ్బరన్నదీ ముఖ్యమే. పాత టైరు ట్యూబు కోసి వేస్తే ఎండకు త్వరగా పగుళ్ళిస్తుంది. ఎండ తగిలే చోట ఈపీడీఎం రబ్బరు అడగండి. మెకానిక్ షెడ్డు, ఆయిల్ కొట్టు అయితే ఈపీడీఎం వద్దు, ఇంజిన్ ఆయిల్‌కు అది ఉబ్బి మెత్తబడుతుంది, అక్కడ నైట్రైల్ గానీ నియోప్రీన్ గానీ వాడాలి. బట్ట పొరలున్న కన్వేయర్ బెల్టు ముక్క గట్టిగా ఉండి ఎక్కువకాలం మన్నుతుంది, కానీ నేలకు సరిగా వంగదు.

బ్రష్ పట్టీ (అంచున బ్రష్ వెంట్రుకలున్న పట్టీ) గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మెడికల్ షాపు, కంప్యూటర్ గది లాంటి చోట్ల దుమ్ము ఆపడానికి పనికొస్తుంది. తడి నేల మీద నాలుగు వానలు తగిలితే వెంట్రుకలు బురదతో అట్టకట్టేస్తాయి.

నేల వంపుకు కోసిన ఇనుప పట్టా

ధాన్యం, ఎరువులు, విత్తనాలు పెట్టే చోట మొదట ఆలోచించాల్సింది ఇదే. షట్టరుకే ఇనుప అంచు తగిలించి, ఆ అంచును నేల ఎలా ఉంటే అలా కోస్తారు. నేలను ముట్టుకోనక్కర్లేదు, తాళం ఎత్తు మారదు, అద్దె గోదాముకూ పనికొస్తుంది.

75×4 మి.మీ. పట్టా తీసుకుంటే 50 మి.మీ. సందు దాకా సరిపోతుంది. షట్టరు దించి, పట్టాను యాంగ్లర్‌కు ఆనించి, దాని కింది అంచు నేలకు తగిలేలా మట్టంగా పట్టుకోవాలి. అన్నిటికన్నా పెద్ద సందు ఎంతో అంత ఎత్తున్న చెక్క ముక్క తీసుకుని, దాని మీద సుద్ద ఆనించి, ముక్కను నేల మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు జరుపుకుంటూ పోతే నేల వంపంతా పట్టా మీద గీతగా పడుతుంది. ఆ గీత వెంట కటింగ్ మెషీన్‌తో కోసి, మొనలు అరగదీయాలి. బిగించేటప్పుడు నేలకు 3, 4 మి.మీ. ఖాళీ వదలండి. పూర్తిగా ఆనిస్తే షట్టరు దించిన ప్రతిసారీ నేల చిట్లుతుంది, పట్టా అంచు వంగుతుంది. ఆ ఖాళీలోంచి చిట్టెలుక కూడా దూరలేదు.

వెల్డింగ్ అయితే 150 మి.మీ.కో చోట 25 మి.మీ. చొప్పున ఎడం ఎడంగా కొట్టించాలి. ఒక చివర నుంచి వరసగా కొట్టుకుంటూ పోతే వేడికి పట్టా విల్లులా వంగుతుంది. ఎర్త్ క్లిప్పు కింది యాంగ్లర్‌కే పెట్టమని వెల్డర్‌కు చెప్పండి, ఛానెల్‌కో పైన డ్రమ్ముకో పెడితే కరెంటు బేరింగుల మీదుగా పోతుంది. పూత ముందే గీకించి, అయ్యాక రెడ్ ఆక్సైడ్, దాని మీద రెండు పూతల ఎనామిల్ వేయాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో అది చాలదు, జింకు ప్రైమర్ కొట్టించండి. అద్దె చోట వెల్డింగ్ బదులు 8 మి.మీ. బోల్టులు.

దీనికున్న చిక్కు బరువు. ఈ కొలత పట్టా మీటరుకు దాదాపు 2.36 కిలోలు, పదడుగులకు 7 కిలోలు దాటుతుంది. కోతలో కొంత పోయినా షట్టరు లేపేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. సగంలో వదిలితే జారి కిందికి పడవచ్చు కూడా. కాబట్టి అదే రోజు మెకానిక్ చేత స్ప్రింగు బిగువు పెంచించాలి. మోటారు షట్టరైతే కింద ఆగే లిమిట్ మళ్ళీ సెట్ చేయించాలి. ఇంకో పరిమితి కూడా ఉంది. పందికొక్కులు నేల కింద బొరియ తవ్వుకుని వస్తాయి. గచ్చు పల్చగా ఉన్న గోదాముల్లో షట్టరు కింద ఎంత ఇనుము వేసినా వాటికి వేరే పని చేయాల్సిందే.

సిమెంటు గడప

నీళ్ళకు ఇంతకన్నా నమ్మకమైనది లేదు. అయితే ఊరికే ఒక గట్టు పోసి దాని మీద షట్టరు ఆనిస్తే, పట్టీల మీద నుంచి జారిన వాన నీళ్ళు ఆ గట్టు మీదే పడి లోపలికి కూడా జారతాయి. గడపకు మెట్టు ఉండాలి. షట్టరు దిగే చోటు కిందికి, దాని వెనక లోపలి వైపు 15 నుంచి 20 మి.మీ. ఎత్తుగా ఉండాలి. బయటి వైపు మీటరుకు 20 మి.మీ. వాలు ఇస్తే నీళ్ళు వీధిలోకి పోతాయి. షట్టరుకూ వెనక మెట్టుకూ మధ్య 5 మి.మీ. వదలాలి, గాలికి పట్టీలు అటూ ఇటూ ఊగుతాయి.

బండ్లు ఎక్కాలంటే ఎత్తుకు ఆరింతల వాలు కావాలి. 25 మి.మీ. ఎత్తుకు లోపల 150, బయట 150, మధ్యలో 100 మి.మీ. బల్లపరుపు. పదడుగుల వెడల్పుకు ఇలా కట్టడానికి, సిమెంటు ఒకటికి ఇసుక మూడు పాళ్ళ మాలులో, దాదాపు 9 కిలోల సిమెంటు, 18 నుంచి 20 లీటర్ల ఇసుక పడుతుంది. వెనక మెట్టుకు, వృథాకు ఇంకో పావు వంతు కలుపుకోండి. మందం 25 మి.మీ. దాటే చోట ఉత్త మాలు కన్నా సిమెంటు ఒకటి, ఇసుక రెండు, బేబీ చిప్స్ (సన్న కంకర) రెండు పాళ్ళు మేలు, పగుళ్ళు తగ్గుతాయి.

గడపలు ఊడేది అంచు దగ్గరే. పాత గచ్చు మీద సన్నగా సున్నాకు దించేసిన మాలు, చక్రం ఎక్కగానే పెళ్ళలు పెళ్ళలుగా లేస్తుంది. అందుకని గడప మొదలయ్యే, ముగిసే గీతల వెంట కటింగ్ మెషీన్‌తో 12 మి.మీ. లోతు గాడి కోయించాలి. ఆ రెండు గాడుల దగ్గర నేలను అంత లోతుకు చెక్కి, మధ్యలో మిగతా నేలకు కూడా గాట్లు పెట్టాలి. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్ళో, పాలిష్ చేసిన గ్రానైటో, టైల్సో ఉంటే గాట్లు చాలవు. నున్నటి రాయికి మాలు పట్టదు. ఆ వరస బండలు లేపేసి కింద నుంచి కట్టుకోవాలి.

చెక్కిన చోటును కడిగి, రాత్రంతా తడిగా ఉంచి, పొద్దున నిలిచిన నీళ్ళు తుడిచేయాలి. ఎస్‌బీఆర్ లేటెక్స్ (మాలు అతకడానికి కలిపే ద్రవం) కలిపిన సిమెంటు పాలు బ్రష్‌తో పూసి, అవి తడి ఆరకముందే మాలు వేయాలి. ఆరాక వేస్తే ఆ పూత అతకడానికి బదులు విడగొడుతుంది. పైమట్టం కుదరడానికి ఒక ఉపాయం ఉంది. షట్టరు ఆగాల్సిన ఎత్తుకు సరిపడా చెక్క దిమ్మెలు రెండు చివరలా పెట్టి, కింది యాంగ్లర్‌కు ప్లాస్టిక్ కాగితం చుట్టి, పచ్చి మాలు మీదికి నెమ్మదిగా దించండి. యాంగ్లర్ అచ్చు పడుతుంది, ఆ అచ్చును బట్టి మేస్త్రీ మిగతాది సరిచేస్తాడు. షట్టరు మీద చేయి తీయకుండా మెల్లగా దించాలి, ధబాలున వదిలితే పని మొదటికొస్తుంది.

పైన నున్నటి సిమెంటు పూత వద్దు. వాన తడికి కాలు జారుతుంది, పూత నెర్రెలిస్తుంది. చెక్క బద్దతో గరుకుగా వదిలేయండి. ఏడు రోజులు తడి గోనెలు కప్పి ఉంచాలి, కారు రెండు వారాల తర్వాతే. కొట్టు మూయలేనివాళ్ళు గడప తగలకుండా రెండు వైపులా ఇటుకలు పెట్టి పైన బల్ల వేసుకుని నడవచ్చు.

గడప బయటి నీళ్ళను ఆపినట్టే లోపలి నీళ్ళనూ ఆపుతుంది. రోజూ కడిగే కొట్టయితే ఒక మూల చిన్న పైపు పెట్టి, దానికి 5 మి.మీ. కన్నా చిన్న కన్నాల స్టీలు జాలీ బిగించాలి. ఇక రోడ్డు మీద మళ్ళీ మళ్ళీ తారు పోసి రోడ్డే కొట్టు కన్నా ఎత్తయిపోయిన చోట, వీధి నిండా నీళ్ళు నిలిస్తే ఈ గడపతో ఆగవు. అవి పట్టీల మధ్య నుంచి, ఛానెళ్ళ నుంచి కూడా కారతాయి.

సిమెంటు బదులు గ్రానైటు బద్ద వేయించడం చూడ్డానికి బాగుంటుంది, ముందు వైపు అంచు గుండ్రంగా తీయించుకోవచ్చు. కానీ రాయి మందం అంతటా ఒకటే కాబట్టి, కింద మాలుతో మట్టం చేసే పని తప్పదు. కారు పోయే చోట కింద ఎక్కడైనా బోలు మిగిలితే రాయి అక్కడే విరుగుతుంది. మనుషులు మాత్రమే నడిచే దుకాణాలకు సరే.

అంటించే రబ్బరు గడప

నేలకు జిగురుతో అంటించే మందపాటి రబ్బరు పట్టీ ఇది. నేల ఎండి, నూనె లేకుండా ఉంటే పాలీయురెథేన్ జిగురుతో బాగా పడుతుంది, ఒక రోజు ఆరనివ్వాలి. పాలిష్ రాయి అయితే ముందు గరుకు చేయాలి. పెద్ద వంపులకు మాత్రం కింద ఖాళీ మిగిలి, అందులోంచి నీళ్ళు వస్తాయి. నిలబెట్టిన బండి హాండిల్ తిప్పితే చక్రం దాన్ని మెలిపెట్టి లేపేస్తుంది.

గూను అరగదీయడం

మధ్యలో 5, 6 మి.మీ. ఎత్తు ఉన్న సిమెంటు గచ్చుకు డైమండ్ కప్పు చక్రం పెట్టిన గ్రైండరు చాలు. షట్టరు ఆనే గీతకు ఇరువైపులా 75 మి.మీ. చొప్పున తీస్తే మెట్టులా కనపడదు. లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఎన్‌95 మాస్కు పెట్టుకోవాలి, సరుకు కప్పేయాలి. దుమ్ము అణగాలని కరెంటు గ్రైండరు మీద నీళ్ళు పోయవద్దు.

ఎవరికి ఏది

సొంత ఇంటి కారు పార్కింగు, వాన నీళ్ళు వస్తున్నాయి, నేల గట్టిగా ఉంది అంటే మెట్టున్న సిమెంటు గడప, దాని మీద ఆనేలా షట్టరుకు సన్నటి రబ్బరు. రెండూ కలిస్తే దుమ్ము, నీళ్ళు, ఎలుకలు మూడూ తగ్గుతాయి. కిరాణా కొట్టు అద్దెదైతే బోల్టులతో బిగించిన ఇనుప పట్టా. ఖాళీ చేసేటప్పుడు విప్పుకుపోవచ్చు, యజమానితో మాట రాదు. నల్లరేగడిలో గచ్చు కదిలే గోదాముకు కూడా ఇనుప పట్టానే, కాకపోతే బోల్టు రంధ్రాలు నిలువుగా పొడుగ్గా తీయించుకుంటే వానాకాలానికి ఒకలా, ఎండాకాలానికి ఒకలా దాన్ని జరుపుకోవచ్చు. బట్టల కొట్టులో దుమ్మే బాధ అయితే రబ్బరు చాలు, ఇంకేమీ వద్దు.

ఏది చేసినా పక్క ఛానెళ్ళ పాదాలు చూడండి. చాలా షట్టర్లకు ఛానెల్ నేలకు ఒక అంగుళం పైనే ఆగిపోతుంది, కింద మధ్యంతా మూసినా ఎలుక ఆ మూల నుంచే వస్తుంది. ఛానెల్ బయటి వైపు, గోడకూ దానికీ మధ్య ఉన్న కన్నంలో స్టీలు జాలీ కుక్కి పైన మాలు పూయండి. షట్టరు జారే లోపలి గాడిలో మాత్రం ఏమీ నింపకూడదు.